తుండుగుడ్డ కింద ఆరు చేతులు

యాదమరి మునిరామయ్య గారిని నేను మొట్టమొదట చూసినది చిత్తూరులో మా బాలికల ఉన్నత పాఠశాల వరండాలో. ఇరవయ్యారేళ్ళ కిందటి మాట. సాంవత్సరిక పరీక్షలు జరుగుతున్నాయి. ఆయన కూతురు నాగవేణి నా తొమ్మిదో తరగతి విద్యార్థిని. లెక్కల బిట్ పేపరు రాస్తూ పట్టుబడింది. పట్టుకున్నది నేనే కనుక తండ్రికి కబురు పంపినదీ నేనే.

ఆ పిల్ల దగ్గర చీటీ లేదు. పెదవి కదపలేదు, తల తిప్పలేదు. బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు, నడుమ నాగవేణి. పరీక్ష రాయవలసిన కుడిచేయి కూడా ఒడిలోనే ఉండడం చూసి నాకు అనుమానం వచ్చింది. దగ్గరకు వెళ్ళి ఓణీ తొలగించాను. ఎడమ పక్కనున్న తెలివైన పిల్ల నాగవేణి వేళ్ళు ఎన్ని పట్టుకుంటే, నాగవేణి కుడి పక్కనున్న పిల్ల వేళ్ళు అన్ని పట్టుకుంటోంది. నాలుగు జవాబుల్లో ఎన్నోది సరైనదో అలా బల్ల ఈ చివరినుంచి ఆ చివరికి చేరుతోంది.

మునిరామయ్య గారు మామిడి మండీనుంచి నేరుగా వచ్చారు. తెల్లపంచె, భుజాన గళ్ళ తుండుగుడ్డ, చొక్కా మీద మామిడి సొన మరకలు. నేను చెప్పినదంతా నిలబడే విన్నారు. కూతురి వంక చూడలేదు. తన కుడిచేతి వంక చూసుకున్నారు.

“తప్పు నాది టీచరమ్మా. ఎక్కాలు రాకపోతా ఉంటే, ఇట్లైనా అంకెలు తెలుస్తాయని నేనే నేర్పించినాను.”

“మీరు నేర్పినది లెక్క. ఆమె చేసినది దొంగతనం. రెండూ ఒకటి కాదు.”

“కాదు. మండీలో మేము బేరాలు చేసే తుండుగుడ్డకు రెండు కట్టుబాట్లు ఉండాయి. చేత్తో అబద్ధం చెప్పగూడదు. ఒకరి చెయ్యి చెప్పింది ఇంకొకరి చేతికి మొయ్యగూడదు. మా పాప రెండోది తప్పింది. మీరు ఏమి చేసినా నేను అడగను.”

నేను ఆ పిల్లను కొట్టలేదు. ఏమి చేసిందో కాగితం మీద రాయమన్నాను. మొదటిసారి, “పరీక్షలో పొరపాటు జరిగినది” అని రాసింది. దానంతట అది జరగదని చెప్పి తిప్పి ఇచ్చాను. రెండోసారి, “తెలియక చేశాను” అని రాసింది. తెలియకపోతే ఓణీ ఎందుకు కప్పావని అడిగాను. మూడోసారి ఏడుస్తూ, “తప్పని తెలిసే ఒకరి జవాబును మరొకరికి అందించాను” అని రాసింది. ఆ కాగితాన్ని తీసుకుని, చింపి, ఆమెను వెళ్ళి చదువుకోమన్నాను. ఆ మూడు కాగితాలూ పూర్తయ్యేదాకా తండ్రి వరండాలోనే, ఎండ కాళ్ళ మీదికి వచ్చినా జరగకుండా నిలబడ్డారు.

ఆయన వృత్తి దళారీ. ఆ మాటకు లోకంలో మంచి పేరు లేదని ఆయనకు తెలుసు; అయినా అడిగినవారికి ఆ మాటే చెప్పేవారు. తండ్రి దగ్గర పదకొండో ఏట పని నేర్చుకున్నారు. మోకాలి మీద తడిగుడ్డ కప్పి, దాని కింద తండ్రి వేళ్ళు పట్టుకుని అంకెలు దిద్దారు. అయిదు వరకు ఎన్ని వేళ్ళు పడితే అంత. ఆపైన అయిదు వేళ్ళూ ఒకసారి నొక్కి, మిగిలిన అంకెకు మళ్ళీ వేళ్ళు పట్టాలి. విన్న చేయి అదే అంకెను తిరిగి పట్టి చూపాలి. లేకుంటే బేరం నిలవదు.

ఆ కుడిచేతిని ఆయన వీణ వాయించేవారు చేతిని చూసుకున్నట్టు చూసుకునేవారు. దానికి ఉంగరం పెట్టలేదు. పెళ్ళిలో తొడిగినదాన్ని మూడో రోజే ఎడమచేతికి మార్చుకున్నారట. మండీకి వెళ్ళే ముందు మిరపకాయ ముట్టరు. ఆయన భార్య రాఘవమ్మ గారు నాతో ఒకసారి నవ్వుతూ అన్నారు: “ఈ మనిషి నోటితో ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప టీచరమ్మా. వాగుడంతా ఆ గుడ్డ కిందనే.”

గుడ్డ ఎందుకో నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు. రైతు కాయ పోసి నిలబడతాడు. రైతు చేయి మొదట గుడ్డ కిందికి వచ్చి, ఎంతకు తగ్గితే ఇవ్వడో చెబుతుంది. తరువాత కొనేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ ధర చెబుతారు. ఒకరి ధర మరొకరికి తెలియదు. పక్కవాడు ఎంత ఇస్తున్నాడో తెలియదు కనుక ప్రతివాడూ తాను ఇవ్వగలిగినంత ఇవ్వవలసిందే. ఎక్కువ చెప్పిన చేతిని దళారి పైకెత్తుతాడు. చూసేవారికి అది రహస్యంగా, కొంత మోసంగా కూడా కనిపిస్తుంది. నిజానికి అక్కడ రైతుకు ఉన్న కాపలా ఆ గుడ్డముక్క ఒక్కటే.

నేను ఉద్యోగ విరమణ చేసి తిరుపతిలో బైరాగిపట్టెడలో స్థిరపడ్డాను. నాగవేణి ఇక్కడే ఆసుపత్రిలో నర్సయింది. కూతుర్ని చూడడానికి వచ్చినప్పుడల్లా ఆయన మా గేటు దగ్గర ఆగేవారు. ఇంగ్లీషులో వచ్చిన ఏదో కాగితం చదివించుకుని, మంచినీళ్ళు తాగి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయేవారు. కిందటి శ్రావణంలో తెచ్చిన కాగితం మాత్రం అటువంటిది కాదు. ఢిల్లీనుంచి వచ్చింది. వ్యాపారంలో పోటీని కాపాడే కమిషన్ తరఫున విచారణ జరుగుతున్నదనీ, తోతాపురి మామిడి కొనుగోలులో ఆరు ఫ్యాక్టరీలు కుమ్మక్కయ్యాయని రైతు సంఘం ఫిర్యాదు చేసిందనీ, ఆ విషయమై యాదమరి మునిరామయ్య అనే వ్యక్తి ప్రమాణపూర్వకంగా వాంగ్మూలం ఇవ్వాలనీ అందులో ఉంది.

ఆ వేసవి సంగతి మా ప్రాంతంలో అందరికీ తెలిసినదే. ఆరు ఫ్యాక్టరీలూ కిలోకు ఆరు రూపాయలే ఇచ్చాయి. అంతకు ముందటి ఏడు ఇచ్చినదానిలో అది మూడో వంతు. గుజ్జు డబ్బాలు సముద్రం దాటి అమ్ముడుపోవాలి. దాటిన చోట సుంకాలు పెరిగాయి, ఓడ కిరాయి పెరిగింది, కిందటేటి సరుకే గోదాముల్లో మిగిలింది, మేము ఏమి చేయగలమని ఫ్యాక్టరీలవారు అన్నారు. కారణాలన్నీ నమ్మదగినవే. కోసిన తోతాపురి నాలుగో రోజుకు ముడుత పడుతుంది. ట్రాక్టరు వరుసలో రెండు రోజులు నిలబడ్డ రైతుకు కారణాలతో పని లేదు. ఇచ్చినది తీసుకుని వెళ్ళాడు.

“రైతు సంఘానికి మీ పేరు ఎవరు చెప్పారు?” అని అడిగాను.

“నేనే చెప్పుకున్నాను.”

“ఎందుకు?”

ఆయన గ్లాసులోని నీళ్ళు సగం తాగి కింద పెట్టారు.

“పెంచలయ్య అని ఒకాయన ఉండాడు టీచరమ్మా. ముప్పై ఏండ్లుగా ఆయన కాయ నా గుడ్డ కిందనే అమ్ముడుపోయింది. ఒక ఆదివారం మండీలో కనిపించి, ‘ఏమబ్బా మునిరామయ్యా, ఈసారి రేటు నీ తుండుగుడ్డ కిందనే తెగిందంట గదా. అందురి చేతులూ పెట్టించినావంట. నా చెయ్యి యాడ పెట్టినావు?’ అన్నాడు. తిట్టలే. ఆ ఒక్క మాట అని పోయినాడు.”

తరువాత జరిగినది చెప్పారు. సీజను మొదలు కాక ముందు, జూన్ మొదటి వారంలో, మండీ వెనక కొట్టంలోకి ఆరు ఫ్యాక్టరీల కొనుగోలు మనుషులు ఆయనను పిలిచారు. ఫోనులో మాట్లాడుకుంటే జాడ ఉంటుంది, కాగితం మీద రాసుకుంటే సాక్ష్యం ఉంటుంది. గుడ్డ కింద చేతికి చేయి చెప్పిన మాటకు ఏదీ ఉండదు. ఆరు చేతులు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. అన్నీ కొనేవాళ్ళవే. అమ్మేవాడి చేయి ఒక్కటీ లేదు.

ఆ వాంగ్మూలాన్ని తెలుగులో రాసి, ఇంగ్లీషులోకి మార్చి, ముందుగా పంపవలసి ఉంది. నన్ను రాసిపెట్టమన్నారు. నేను ప్రశ్నలు అడుగుతూ మూడు రోజులు రాశాను. అన్నిటికీ జవాబు చెప్పారు. ఒక్క ప్రశ్నకు మాత్రం చెప్పలేదు.

“ఇది మామూలు బేరం కాదని మీకు ఎప్పుడు తెలిసింది?”

ఆయన వీధి వంక చూశారు. ఆటో ఒకటి వెళ్ళింది, దాని వెనక కుక్క మొరుగుతూ పరుగెత్తింది. అది కనుమరుగయ్యేదాకా చూశారు.

“మీకు తోచినట్టు రాసుకోండి టీచరమ్మా.”

నేను రాశాను: “ఆరుగురూ వేరువేరుగా ఆరు రూపాయలే చెప్పారు. ఇది మామూలు బేరం కాదని ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళిన తరువాత నాకు తట్టింది.” చదివి వినిపించినప్పుడు ఆయన అవునని గాని కాదని గాని అనలేదు. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లలు తెలియని జవాబు ఊహించి రాస్తే ఎర్రసిరా గీత గీసినదాన్ని. ఆ రోజు ఆ ఖాళీని నేనే పూరించాను.

ఇంగ్లీషు ప్రతి మీద ఆయన సంతకం కావలసి వచ్చి, పది రోజుల తరువాత చిత్తూరు వెళ్ళాను. మండీలో చివరి కాయ వస్తున్న రోజులు. దుకాణం ముందు నాలుగు కుప్పలుగా నీలం రకం మామిడి పోసి ఉంది. మునిరామయ్య గారు కుడిచేతి మీద తుండుగుడ్డ కప్పి నిలబడ్డారు. రైతు చేయి గుడ్డ కిందికి వచ్చి వెళ్ళింది. కొనేవాళ్ళు ఎనిమిది మంది వరకు చుట్టూ ఉన్నారు. ఒక్కరూ చేయి చాచలేదు.

“రాండప్పా” అన్నారు ఆయన.

ఎవరూ రాలేదు. వెనకనుంచి ఒక గొంతు అంది: “మునిరామయ్యన్నా, ఆ గుడ్డలో మైకు పెట్టినావా ఏంది? మేము చెప్పింది ఢిల్లీలో ఇనపడతాదేమో!”

నవ్వులు లేచాయి. ఇంకొకడు అందుకున్నాడు: “సూడు, రెండు చేతులూ సూడు. ఒక చెయ్యి మనకు, ఇంకో చెయ్యి కోర్టుకు.”

ఆయన గుడ్డ దించలేదు. చేయి అలాగే చాచి ఉంచారు. బడిలో బెంచీ మీద నిలబెట్టిన పిల్లవాడు కూడా కొంతసేపటికి అటూ ఇటూ కదులుతాడు, ఆయన కదలలేదు. చివరకు రైతే సిగ్గుపడి, “పోనీలేబ్బా, పక్క దుకాణంలో సూసుకుంటాను” అని గంపలు ఎత్తించుకున్నాడు. అప్పుడు మునిరామయ్య గారు గుడ్డను నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుని, నా దగ్గరకు వచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారు.

“విరమించుకుంటారా?” అన్నాను. “ఒంట్లో బాగులేదని రాసి పంపుదాం. నేను రాస్తాను.”

“నా ఒళ్ళు బాగానే ఉండాది టీచరమ్మా” అన్నారు.

విచారణ తిరుపతిలోనే, ఒక ప్రభుత్వ అతిథిగృహంలో పెట్టారు. విచారణాధికారిణి నలభై ఏళ్ళ ఉత్తరాది స్త్రీ. ఆమెకు తెలుగు రాదు. మునిరామయ్య గారికి ఇంగ్లీషూ హిందీ రావు. ఇరువైపులా అంగీకరించి నన్ను దుబాసీగా ఉండమన్నారు. ఫ్యాక్టరీల తరఫు న్యాయవాది గిరిప్రసాద్ చిత్తూరువాడే. నేను మెట్లెక్కుతుండగా ఎదురు వచ్చి చేతులు జోడించాడు.

“నమస్కారం టీచరమ్మా. మా అక్క ప్రసన్నకుమారి మీ దగ్గరనే చదివింది.”

“జ్ఞాపకం ఉంది. చక్కని దస్తూరి.”

“ఆ గౌరవంతోనే ఒక మాట చెప్తాను. పెద్దాయన సాక్షిగా వచ్చి సాక్షిగా పోతే ఎవురికీ ఇబ్బంది లేదు. బయటిదేశాల్లో మార్కెట్టు పడిపోయింది. ఆరు మందీ ఎవురికి వాళ్ళు లెక్కేసుకుంటే ఆరే వచ్చింది. అందురికీ ఒకే లెక్క వస్తే అది నేరమా? ఒకరి మాట ఇంకొకరికి ఎవురో మోసినారని తేలితేనే కుమ్మక్కు. మోసింది ఎవురంటే? గుడ్డ ఎవురిదమ్మా? అప్పుడు ఆయన గూడా సాక్షి కాదు, మాతోబాటు ముద్దాయే. లైసెన్సు పోతాది. జరిమానా గూడా పడొచ్చు. ఈ వయసులో ఎందుకు చెప్పండి?”

అతను బెదిరించలేదు. చట్టం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నా చేతిసంచిలోని వాంగ్మూలంలో నేను రాసిన ‘వేరువేరుగా’ అన్న మాట ఆయనను కాపాడుతోందనీ, కాపాడుతూనే ఆరు ఫ్యాక్టరీలనూ కాపాడుతోందనీ నాకు ఆ మెట్ల మీద తెలిసింది. తెలిసినా లోపలికి వెళ్ళాను. ఏదీ చేర్చకుండా, ఏదీ విడువకుండా అనువదిస్తానని ప్రమాణం చేయించారు. చేశాను.

గిరిప్రసాద్ రెండు వాదాలు తెచ్చాడు. మొదటిది, గుజ్జంతా విదేశాలకు పోయేది. కేవలం ఎగుమతికి సంబంధించిన ఒప్పందాల జోలికి ఈ చట్టం రాదు. కనుక ఒప్పందమే ఉన్నదనుకున్నా విచారించే అధికారం లేదు. రెండోది, అసలు గుడ్డ కింద ఏ భాషా లేదు. అది ముసలివాడు అల్లిన కథ. దానికి సాక్ష్యంగా ఓబయ్యను ప్రవేశపెట్టాడు. ఓబయ్య ఆరో ఫ్యాక్టరీకి కొనుగోలు మనిషి. మునిరామయ్య గారికంటే పదేళ్ళు చిన్నవాడు; అదే మండీలో పెరిగినవాడు.

“గుడ్డ కింద ఏమి చేస్తారు?” అని అధికారిణి అడిగారు.

“ఊరికే చేతులు పట్టుకుంటాము మేడమ్. మర్యాదకు. రేటు నోటితోనే చెప్పుకుంటాము.”

మునిరామయ్య గారు అతని వంక చూసి, “ఓబయ్యా” అన్నారు మెల్లగా. అంతే. ఓబయ్య గోడ మీది గడియారం చూశాడు.

అధికారిణి కొంచెం ఆలోచించారు. ఒక చీటీ మీద ఏదో రాసి, మడిచి, నాకు ఇచ్చారు. మునిరామయ్య గారికి మాత్రమే చూపమన్నారు. తొమ్మిది అని ఉంది. గుడ్డ కింద దాన్ని ఓబయ్యకు చెప్పాలి. ఓబయ్య ఆ అంకెను పైకి చెప్పాలి.

“నేను చెయ్యి పెట్టను సార్” అన్నాడు ఓబయ్య, గిరిప్రసాద్ వైపు తిరిగి.

“భయమెందుకు? మర్యాదకే గదా” అన్నారు అధికారిణి. నేను అనువదించాను. గిరిప్రసాద్ తలూపక తప్పలేదు.

తుండుగుడ్డ బల్ల మీద పరుచుకుంది. ఇద్దరి చేతులూ దాని కిందికి వెళ్ళాయి. గుడ్డ ఒకసారి ఉబ్బి సర్దుకుంది, మళ్ళీ ఒకసారి. మునిరామయ్య గారి ముఖంలో ఏ కదలికా లేదు. ఓబయ్య కణతల మీద చెమట పట్టింది.

“ఎంత?” అని అడిగారు అధికారిణి.

“తెలీలేదు మేడమ్. ఏందో నొక్కినాడు. నాకేమీ తెలీలేదు.”

అప్పుడు మునిరామయ్య గారు తన జీవితంలో ఎన్నడూ చేయని పని చేశారు. చేతులు లోపల ఉండగానే, ఎడమచేత్తో తుండుగుడ్డ కొస పట్టుకుని పైకి తీశారు.

ఓబయ్య చేయి అప్పటికీ మునిరామయ్య గారి చేతిని పట్టుకునే ఉంది. చూపుడువేలునుంచి చిటికెనవేలు వరకు నాలుగు వేళ్ళు బిగించి పట్టుకున్నాడు. బొటనవేలు విడిగా వదిలేశాడు. అయిదు అయిపోయిన తరువాతి నాలుగు. విన్న అంకెను తిరిగి పట్టి చూపడం ముప్పై ఏళ్ళ అలవాటు. నోరు తెలియదంటున్నా చేయి జవాబు చెప్పేసింది.

వేళ్ళు పట్టే పద్ధతంతా వాంగ్మూలంలో రాసే ఉంది. అధికారిణి ఆ పుటను చూశారు, చేతులను చూశారు, చీటీ విప్పి బల్ల మీద పెట్టారు.

ఓబయ్య చేయి వెనక్కు లాక్కున్నాడు. కొంతసేపు చొక్కాకు తుడుచుకున్నాడు. తరువాత నవ్వబోయి, నవ్వలేక, “గుడ్డ ఎత్తినావేందన్నా” అన్నాడు. “మీ నాయన ఉంటే నీ చెయ్యి ఇరగ్గొట్టింటాడు.”

“ఇరగ్గొట్టింటాడు” అని మునిరామయ్య గారు ఒప్పుకున్నారు.

ఆ తరువాత ఓబయ్య దాచలేదు. ఆ రోజు కొట్టంలో తానూ ఉన్నానన్నాడు. గిరిప్రసాద్ ఆపబోయినా అధికారిణి మరో ప్రశ్న వేశారు: మీ ఫ్యాక్టరీ సరుకు ఏ దేశానికి పోతుంది?

“యా దేశానికీ పోదు మేడమ్. మాది జూసు ఫ్యాక్టరీ. చిత్తూరు, వేలూరు, కోలారు. అంతకు మించి మా బండి పోయింది లేదు.”

గిరిప్రసాద్ మొదటి వాదం అక్కడితో పోయింది. ఎగుమతే లేని ఫ్యాక్టరీ మనిషి కూడా ఆ గుడ్డ కింద చేయి పెట్టాడంటే ఆ ధర ఓడలకు సంబంధించినది కాదు. మా మండీలో కాయ పోసి నిలబడే మనిషికి సంబంధించినది. కాని అతను తొణకలేదు. కళ్ళజోడు తుడుచుకుని, చాలా మెత్తగా అన్నాడు: “చేతులు పెట్టినారు. ఆరు చెప్పినారు. సరే. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలుసనడానికి రుజువు ఏముండాది? గుడ్డ ఉండేదే తెలీకుండా ఉండడానికి గదా. ఆయన వాంగ్మూలంలోనే ఉండాది. వేరువేరుగా చెప్పినారని.”

అధికారిణి నా వైపు తిరిగారు. ఆ భాగాన్ని సాక్షికి మరొకసారి తెలుగులో చదివి వినిపించి, నిజమని ఒప్పుకుంటే చివరి సంతకం తీసుకోమన్నారు. సంతకం అయితే ఇక మార్చడానికి వీలు లేదని కూడా చెప్పారు. అది కూడా అనువదించాను.

కాగితం తీశాను. నా దస్తూరి. కొట్టివేతలు లేవు. చదవడం మొదలుపెట్టాను: “ఆరుగురూ వేరువేరుగా ఆరు రూపాయలే చెప్పారు. ఇది మామూలు బేరం కాదని ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళిన తరువాత—”

“నిలపండి టీచరమ్మా.”

నేను ఆపాను. గిరిప్రసాద్ కలం ఆగింది.

“వేరువేరుగా చెప్పలేదు” అన్నారు మునిరామయ్య గారు. “మొదట మునిచంద్ర చెయ్యి వచ్చింది, పెద్ద ఫ్యాక్టరీ మనిషి. ఆరు అన్నాడు. రెండో చెయ్యి వచ్చి ఊరికే ఉండింది. ఏమీ చెప్పలే. మొదటి చెయ్యి ఎంత చెప్పిందో నేను చెప్పాలని కాచుకోనుండింది. నేను ఆరు నొక్కినాను. ఒప్పుకుంది. మూడోదానికీ నేనే నొక్కినాను. ఓబయ్యకీ నేనే. వాళ్ళు చెప్పలేదు టీచరమ్మా, నేను మోసినాను.”

నేను అనువదించలేదు. ఆయన వైపు వంగి, తెలుగులో, మాకిద్దరికే వినిపించేటట్టు అన్నాను: “మునిరామయ్య గారూ, ఇది చెబితే మీరు సాక్షి కారు. మీ లైసెన్సు పోతుంది. ఇంటికి వెళ్ళాక తెలిసిందని ఉండనివ్వండి. అది నేను రాసిన మాట; తప్పయితే నా తప్పు.”

“ఇంటికి పోయినాక కాదు. రెండో చెయ్యి పట్టుకున్నప్పుడే తెలుసు.”

“రాఘవమ్మ గారి సంగతి ఆలోచించారా?”

“ఆమెతో నిన్ననే చెప్పినాను. నాలుగు మాటలు కాదు, నలభై మాట్లాడినాను. ఆశ్చర్యపోయింది.”

అధికారిణి, ఏమంటున్నారని అడిగారు. గిరిప్రసాద్ కుర్చీలో ముందుకు జరిగాడు. అతనికి తెలుగు వచ్చు. మేము ఎంత మెల్లగా మాట్లాడినా అందులో సగం అతని చెవిన పడే ఉంటుంది. ఇంక ఎక్కువ సమయం లేదు. నా చేతిలో కాగితం ఉంది, బల్ల మీద కలం ఉంది. ఆ ఒక్క వాక్యం కొట్టివేస్తే వచ్చే ఏడు పెంచలయ్య చేయి గుడ్డ కిందికి వస్తుంది. మునిరామయ్య గారి చేయి మాత్రం ఇక ఎప్పటికీ రాదు.

ఆయన తుండుగుడ్డను మడతలు పెట్టి బల్ల మీద నా వైపుకు జరిపారు. భుజాన వేసుకోలేదు. కుడిచేయి చాచి కలం అందుకుని, దాన్ని నా చేతిలో పెట్టారు. ఆ తరువాత ఈనాటివరకు ఆయన నన్ను ఏదీ అడగలేదు. ఆ రోజు అడిగినది ఇది:

“మా నాగవేణిచేత ఆ పొద్దు మూడుసార్లు రాయించినారు గదా టీచరమ్మా, తెలిసే చేసినానని వచ్చేదాకా. నాచేత గూడా అట్లనే రాయించండి.”